‘జై హనుమాన్’ కథ ఎటు వెళ్లవచ్చు? హనుమంతుడే కథానాయకుడైతే విలన్ చేయగలిగేదేమిటి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. ‘హనుమాన్’ చిత్రం ‘శ్రీరాముడికి హనుమంతుడు ఇచ్చిన మాట ఏమిటి’ అన్న ప్రశ్నతో ముగిసింది. రెండో భాగంలో హనుమంతుడే ప్రధాన పాత్ర అని ప్రకటించారు. అంతటి బలవంతుడి ఎదుట నిలిచే విలన్ ఎవరు, తేజ సజ్జా చేసిన హనుమంతు అనే పల్లెటూరి కుర్రాడి పాత్ర ఏమవుతుంది, పోస్టర్‌లో చూపిన డ్రాగన్ నిజంగా ఉంటుందా, చిత్రం ఎప్పటికి రావచ్చు అని మీరు అడిగారు.

నేను బెంగళూరులో విజువల్ ఎఫెక్ట్స్ రంగంలో, ముఖ్యంగా కంపోజిటింగ్‌లో (విడివిడిగా తయారైన దృశ్యాలను ఒకే షాట్‌గా కలిపే పనిలో), చాలాకాలంగా పని చేస్తున్నాను. ఈ చిత్రంతో నాకు ఏ సంబంధమూ లేదు. లోపలి కబురు తెలిసి ఉంటే ఇక్కడ రాసేవాణ్ణి కాదు కూడా, ఎందుకంటే మా పనిలో చేరేటప్పుడే నోరు కట్టేసుకుంటూ సంతకం పెడతాం. కనుక కింద రాసినదంతా మొదటి చిత్రాన్ని, రామాయణాన్ని, మా పని సాగే తీరును పక్కపక్కన పెట్టుకొని చేసిన ఊహ మాత్రమే.

నా అంచనా ఇది: ఈ చిత్రంలో విలన్ హనుమంతుడి బలంతో తలపడడు, ఆయన ఇచ్చిన మాటతో తలపడతాడు. హనుమంతు పాత్ర ఉంటుంది, కానీ వీరుడిగా కాదు, వీరుడికి అతని శక్తిని గుర్తు చేసేవాడిగా ఉంటుంది. డ్రాగన్ గురించి, తేదీ గురించి తరువాత చెబుతాను. ఆ రెండింటి మీదా ఎక్కువ ఆశ పెట్టుకోవద్దన్నది నా సలహా.

ఇలా ఎందుకు అనుకుంటున్నానో చెప్పాలంటే మొదటి చిత్రం పెట్టుకున్న నియమాల దగ్గర మొదలుపెట్టాలి. 2024 జనవరి 12న సంక్రాంతికి వచ్చిన ఆ చిత్రంలో దర్శకుడు ప్రశాంత్ వర్మ చాలా తెలివైన పని ఒకటి చేశారు. హనుమంతుకు రుధిరమణి (హనుమంతుడి రక్తబిందువుతో ఏర్పడిన మణి) ద్వారా శక్తి వచ్చిందనుకోండి, ఆ శక్తి సూర్యకాంతి ఉన్నంతసేపే పని చేస్తుంది, పొద్దు గుంకితే అతడు మళ్లీ అంజనాద్రి అనే తన ఊరిలో చిల్లర దొంగతనాలు చేసుకునే కుర్రాడే. ఆ ఒక్క నియమం వల్ల ప్రతి పోరాటానికీ ఒక గడియారం వచ్చి కూర్చుంది. రాత్రి పూట అతడికి ఏమవుతుందోనని ప్రేక్షకుడు భయపడగలిగాడు. సూపర్ హీరో కథలో ప్రేక్షకుడికి భయం కలగాలంటే ఇటువంటి పరిమితి ఒకటి తప్పనిసరి. విలన్ మైకేల్‌ను కూడా అదే లెక్కతో తీర్చారు. సూపర్ హీరోలకు తల్లిదండ్రులు ఉండరని చిన్నతనంలోనే తన వాళ్లను చంపుకున్నవాడు అతడు. అతడికి కావలసింది శక్తి, హనుమంతుకు అడక్కుండానే దొరికింది శక్తి. ఇద్దరి మధ్య పోటీ అక్కడే కుదిరిపోయింది.

రెండో భాగానికి వచ్చేసరికి ఈ ఏర్పాటంతా చెల్లదు. మంచులో నుంచి లేచి వచ్చినది సాక్షాత్తూ హనుమంతుడు. ఆయనకు పగలూ రాత్రీ అన్న తేడా లేదు, మణి అవసరం లేదు. ఆయన గెలుస్తాడా లేదా అన్న సందేహం తెలుగు ప్రేక్షకుడికి ఒక్క క్షణం కూడా రాదు. వచ్చేలా తీస్తే హాలులో కోపం వస్తుంది. దేవుణ్ణి ఒక రాక్షసుడి చేత కొట్టించి, విశ్రాంతి వేళకు పడగొట్టించి, చివర్లో లేపే పద్ధతి ఇక్కడ నడవదు. అందువల్ల రచయిత ఆయన పరిమితిని వేరే చోట వెతకాలి.

అదృష్టవశాత్తూ ఆ పరిమితులు వాల్మీకి దగ్గరే దండిగా ఉన్నాయి. కిష్కింధాకాండ చివర సముద్రం ఒడ్డున వానరులంతా దిగాలుగా కూర్చున్నప్పుడు, అందరికంటే బలవంతుడైన హనుమంతుడు ఒక పక్కన మౌనంగా ఉంటాడు. ఋషుల శాపం వల్ల ఆయనకు తన బలం తనకు తెలియదు, ఎవరైనా గుర్తు చేయాలి. జాంబవంతుడు వచ్చి పుట్టుక దగ్గర నుంచి చెప్పుకొస్తే తప్ప ఆయన లేవడు. సుందరకాండలో ఇంద్రజిత్తు బ్రహ్మాస్త్రం వేస్తే ఆయన కట్టుబడతాడు. ఆ తరువాత రాక్షసులు నారతాళ్లతో కట్టేసరికి అస్త్రబంధం తానే విడిపోతుంది, అది ఆయనకు తెలుసు కూడా. అయినా రావణుణ్ణి చూడాలన్న ఉద్దేశంతో ఏమీ ఎరగనట్టే తాళ్లతో ఈడ్పించుకుంటూ సభకు వెళతాడు. వాల్మీకి బయట, మహాభారతం అరణ్యపర్వంలో భీముడి దారికి అడ్డంగా ముసలి కోతిగా పడుకొని తోక జరపమంటాడు. ఈ మూడు చోట్లా ఆయనను ఆపుతున్నది శత్రువు బలం కాదని గమనించండి. మొదటి చోట మరపు, రెండో చోట మర్యాద, మూడో చోట తనంతట తాను కప్పుకున్న మారువేషం.

వీటన్నిటినీ మించిన పరిమితి మరొకటి ఉంది, అది మాట. తెలుగువాళ్లకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. యయాతి అనే రాజుకు అభయం ఇచ్చి, ఆ మాట కోసం సాక్షాత్తూ రాముడి బాణాలకే ఎదురు నిలిచిన హనుమంతుడి కథ వాల్మీకంలో లేదు, కానీ నాటకాలలో ఉంది, 1975లో బాపు దర్శకత్వంలో ఎన్‌టీఆర్ రాముడిగా, అర్జా జనార్దనరావు హనుమంతుడిగా వచ్చిన ‘శ్రీరామాంజనేయ యుద్ధం’లో ఉంది. అక్కడ విలన్ అంటూ ఎవరూ లేకపోయినా రెండున్నర గంటలు కూర్చోబెట్టగలిగారు. ఇచ్చిన మాటకూ ప్రేమించిన ప్రభువుకూ మధ్య ఆయనను నిలబెట్టారు, అంతే. బలవంతుణ్ణి కథలో ఇరికించడానికి మన వాళ్లు ఎంతో ముందే కనిపెట్టిన ఉపాయం అది. ప్రశాంత్ వర్మ మొదటి చిత్రం చివర వేసిన ప్రశ్నలో కూడా ‘మాట’ అన్నదే కీలకం కావడం కాకతాళీయమని నేను అనుకోను.

అయితే ఆ మాట ఏమిటి? చిత్రబృందం కొత్తగా కల్పించవచ్చు, ఆ స్వేచ్ఛ వారికి ఉంది. మూలంలో దీనికి దగ్గరగా ఉన్నది మాత్రం ఉత్తరకాండలో పట్టాభిషేకం తరువాత అందరూ సెలవు తీసుకొనే ఘట్టం. అక్కడ హనుమంతుడు రాముడితో అనే మాట ఇది: ‘యావద్రామకథా వీర చరిష్యతి మహీతలే, తావచ్ఛరీరే వత్స్యంతు ప్రాణా మమ న సంశయః’. భూమి మీద రామకథ నడిచినంత కాలం నా శరీరంలో ప్రాణాలు నిలుచుగాక అని. భక్తితో చదివితే ఇది వరం. కథారచయిత కంటితో చదివితే ఇందులో ఒక షరతు కనిపిస్తుంది. ‘రామకథ నడిచినంత కాలం’ అంటే, అది నడవకపోతే?

నేను పందెం వేయవలసి వస్తే ఇక్కడే వేస్తాను. హనుమంతుణ్ణి చంపలేనని తెలిసిన విలన్‌కు ఉన్న ఒకే దారి, రామకథ చెప్పేవాడూ వినేవాడూ లేకుండా చేయడం. గుడిలో దీపం ఆర్పడం, భజన మాన్పించడం, పిల్లలకు ఆ కథ అందకుండా చేయడం, చివరికి దాన్ని వక్రీకరించి చెప్పడం. అటువంటి శత్రువును గద తిప్పి కొట్టలేరు. అంజనాద్రి వంటి ఒక ఊరిలో కొద్దిమంది మామూలు మనుషులు కథను బతికించుకుంటేనే దేవుడు నిలుస్తాడు. దీనితో మొదటి భాగంలోని ఊరు, ఊరిజనం, హనుమంతు, అతడు ప్రేమించిన మీనాక్షి అందరూ కథకు మళ్లీ అవసరమవుతారు. ఇది కచ్చితంగా ఇలాగే జరుగుతుందని నేను అనడం లేదు. ఇంత చక్కగా అమరిన ముడి వారి చేతికి అందే దూరంలో ఉంది కనుక, దాన్ని వదిలేస్తే నాకు ఆశ్చర్యం కలుగుతుందని మాత్రమే అంటున్నాను.

సముద్రఖని చేసిన విభీషణుడి మీద కూడా ఒక కన్ను వేసి ఉంచండి. ఆ ఉత్తరకాండలోనే రాముడు విభీషణుడికి కూడా ప్రజలు ఉన్నంత కాలం లంకను ఏలమని చెబుతాడు. ఇద్దరూ చిరంజీవులే, ఇద్దరూ రాముడి ఆజ్ఞతో మిగిలినవారే, కానీ ఇద్దరి బాధ్యతలు వేరు. ఒకరిది రాజ్యం, మరొకరిది కథ. మొదటి చిత్రంలో ఆయన అన్నీ తెలిసిన పెద్దమనిషిగా ఉండి, మణి విషయంలో హనుమంతుతో బేరమాడినంత పని చేశాడు. ఇద్దరు చిరంజీవుల బాధ్యతలు ఒకదానితో ఒకటి ఢీకొంటే చిత్రం మంచి స్థాయికి వెళుతుంది. ఆయన విలన్ అవుతాడని కొందరు ఊహిస్తున్నారు, నేను అంత దూరం వెళ్లను. రాముణ్ణి శరణు కోరినవాణ్ణి చెడ్డవాడిగా చూపడం దర్శకుడికి తలనొప్పి తప్ప లాభం లేదు.

ఇక హనుమంతు సంగతి. రెండో భాగంలో తేజ ఉంటాడని, అయితే కథానాయకుడు హనుమంతుడేనని ప్రశాంత్ వర్మ మొదటి చిత్రం విడుదలైన రోజుల్లోనే చెప్పారు. 2024 అక్టోబరు 30న హనుమంతుడి పాత్రకు కన్నడ నటుడు రిషబ్ శెట్టి పేరు ప్రకటించడంతో అది ఖాయమైంది. ప్రేక్షకుడు దేవుడి కళ్లతో కథ చూడలేడు, ఎవరో ఒక మనిషి భుజం మీద నుంచి చూడాలి. ఆ మనిషి హనుమంతు అవుతాడు. జాంబవంతుడు చేసిన పని ఈసారి అతడు చేస్తాడన్నది నా ఊహ. మొదటి భాగంలో దేవుడి శక్తి మనిషికి వచ్చింది, రెండో భాగంలో మనిషి నోటి మాట దేవుడికి శక్తి ఇస్తుంది. మణి లేని హనుమంతు చేయగలిగిన గొప్ప పని అంతకంటే మరొకటి నాకు తోచడం లేదు.

ఊహలు ఎలా తప్పుతాయో చెప్పడానికి రిషబ్ ఎంపికే మంచి ఉదాహరణ. మొదటి చిత్రం చివర కనిపించిన హనుమంతుడి కళ్లు చిరంజీవి గారి కళ్లలా ఉన్నాయని ఎంత చర్చ నడిచిందో మీకు గుర్తుండే ఉంటుంది. రెండు కళ్ల ఆధారంగా ఒక నటుణ్ణి ఖాయం చేసేశారు. చివరికి వచ్చినది ఉడుపి జిల్లా కుర్రాడు. ఇక్కడ మా ఆఫీసులో ఆ రోజు కన్నడ మిత్రుల ఆనందం చెప్పనలవి కాదు. హనుమంతుడు పుట్టినది హంపి ఎదుట తుంగభద్ర అవతలి ఒడ్డున, ఆనెగొంది దగ్గరి అంజనాద్రి మీద అని వారు, కాదు తిరుమల అంజనాద్రి అని 2021లోనే తితిదే ప్రకటించిందని మేము, భోజనాల బల్ల దగ్గర ఎప్పుడూ వాదించుకుంటాం. ఆ రోజు మాత్రం వారు గెలిచినట్టే కూర్చున్నారు. చిత్రంలోని అంజనాద్రి కల్పిత గ్రామం కనుక, రిషబ్ వచ్చాడని కథ కొప్పళ జిల్లాకు మారుతుందని అనుకోవద్దు.

డ్రాగన్ విషయానికి వస్తే, నా వృత్తి అనుభవం పనికివచ్చేది ఇక్కడే. 2024 ఏప్రిల్ 23న హనుమజ్జయంతికి వచ్చిన పోస్టర్‌లో, కొండ అంచున గదతో నిలిచిన హనుమంతుడి ఎదుట నిప్పు కక్కే డ్రాగన్ కనిపిస్తుంది. అప్పటికి నటుడి పేరు కూడా ప్రకటించలేదు. నటుడి ప్రకటనకు ముందు వచ్చే పోస్టర్‌ను కథకు సాక్ష్యంగా తీసుకోకండి. ఆ దశలో వచ్చేవి చాలావరకు కాన్సెప్ట్ ఆర్ట్ బొమ్మలు. దర్శకుడు ‘ఇటువంటి స్థాయిలో తీయబోతున్నాం’ అని చెప్పడానికి వేయించుకుంటాడు. వాటిలో సగం ప్రీవిజ్ (చిత్రీకరణకు ముందు కంప్యూటర్‌లో వేసుకునే ముతక నమూనా) దశకే రాలిపోతాయి, మరికొన్ని బడ్జెట్ లెక్క చూశాక రాలిపోతాయి.

లెక్క ఎందుకు మారుతుందో ఒక్క షాట్ తీసుకొని చూపిస్తాను. గాలికి ఎగిరే బొచ్చు ఉన్న పాత్ర, వెనుక వెలుగుతున్న ఆకాశం, ఎదుట మంట. ముందు గ్రూమ్ ఆర్టిస్టు ఒంటి మీద వెంట్రుకలు ఏ దిక్కుకు వాలాలో, ఎక్కడ చిక్కుపడాలో, ఎక్కడ పలచబడాలో దువ్వి పెట్టాలి. తరువాత గాలికి అవి కదిలే తీరును కంప్యూటర్‌తో లెక్కకట్టించే సిమ్యులేషన్. మంటది వేరే సిమ్యులేషన్. ఆ మంట వెలుగు ప్రతి వెంట్రుక మీదా పడి మెరవాలి. ఇవన్నీ రెండర్ అయి, అంటే కంప్యూటర్ వాటిని తుది బొమ్మలుగా మార్చి, నా దగ్గరికి వచ్చాక అసలు చిక్కు అంచు దగ్గర వస్తుంది. ఆకాశం తెల్లగా ఉన్నప్పుడు సన్నని వెంట్రుకల చివర్లు వెలుగులో కరిగిపోవాలి. కరగకపోతే పాత్ర కత్తిరించి అతికించినట్టు ఉంటుంది, ఎక్కువ కరిగితే బోడిగా కనిపిస్తుంది. ప్రేక్షకుడు ‘గ్రాఫిక్స్ బాగాలేదు’ అన్నప్పుడు అతని కన్ను పట్టుకున్నది చాలాసార్లు ఆ అంచునే.

నేను పని చేసిన ఒక చిత్రంలో, పేరు చెప్పలేను, ఒక ఎలుగుబంటి సన్నివేశం అంతా ఆమోదం పొందాక దర్శకుడికి అక్కడ వాన ఉంటే బాగుంటుందనిపించింది. వినడానికి చిన్న కోరిక. కానీ తడిసిన బొచ్చు పొడి బొచ్చులా ఉండదు, పాయలు పాయలుగా అంటుకుంటుంది, బరువుతో కిందికి వాలుతుంది, మెరుపు మారుతుంది. గ్రూమ్ దగ్గర నుంచి మొత్తం మళ్లీ మొదలైంది. నెలల పని కొట్టుకుపోయింది. అందుకే, ముఖమంతా బొచ్చుతో కప్పిన హనుమంతుణ్ణి మూడు గంటలు చూపడం ఏ తెలుగు బడ్జెట్‌కైనా గుండె ఆగే పని. రాముడి విగ్రహాన్ని హత్తుకొని మోకాలి మీద కూర్చున్న రిషబ్ పోస్టర్‌లో ముఖం ఆయన ముఖంగానే ఉండటం చూసి నాకు ఊరట కలిగింది. నటుడి ముఖాన్ని నటుడికే వదిలి, మేకప్‌తో చాలావరకు లాగి, కంప్యూటర్ పనిని తోకకూ, ఆకారం పెరిగే సందర్భాలకూ, ఎగిరే సన్నివేశాలకూ దాచుకుంటారని దాని అర్థం. ‘కాంతార’లో ఆయన శరీరంతో, కళ్లతో చేసినది చూసినవారికి అది సరైన నిర్ణయమని తెలుస్తుంది. డ్రాగన్ ఉంటే ఒక పెద్ద సన్నివేశానికే పరిమితమై ఉంటుంది, అదీ బహుశా మొదటి సగంలో.

ప్రశాంత్ వర్మ ఒకదానితో ఒకటి కలిపి అల్లుతున్న ఈ సూపర్ హీరో చిత్రాల విశ్వంలోని మిగతా వీరులు వస్తారా అని కూడా కొందరు అడుగుతుంటారు. ‘అధీర’, ‘మహాకాళి’ చిత్రాల తొలి రూపాలు 2025లో బయటకు వచ్చాయి. అవి వేరే దర్శకుల చేతుల్లో, వేరే వేగంతో నడుస్తున్నాయి. ఒకదాని ఆలస్యం మరొకదానికి చుట్టుకునేలా కథలు ముడివేయడం నిర్మాతలకు ప్రమాదం. చివర్లో ఒక చిన్న మెరుపు ఉండవచ్చు, అంతకు మించి ఆశించవద్దు.

తేదీ గురించి సూటిగా చెబుతాను. మొదటి చిత్రం చివర తెర మీద వేసిన సంవత్సరం 2025. అది వెళ్లిపోయింది. రిషబ్ ‘కాంతార చాప్టర్ 1’ 2025 అక్టోబరు 2న విడుదలయ్యే వరకు ఆయన దాని నుంచి బయటపడే వీలు లేదు కనుక, ఆ ఆలస్యంలో వింత ఏమీ లేదు. ‘హనుమాన్’కే చూడండి: టీజర్ 2022 నవంబరులో వచ్చింది, 2023 మే నెలకు విడుదల అన్నారు, చివరికి 2024 సంక్రాంతికి వచ్చింది. ఆ ఆలస్యం చిత్రానికి మేలే చేసింది. రెండో భాగం పని అంతకు ఎన్నో రెట్లు. చిత్రీకరణ పూర్తయిందన్న ప్రకటన వచ్చిన రోజు నుంచి కనీసం ఒక ఏడాది లెక్క వేసుకోండి. అంతకంటే తక్కువ వ్యవధిలో తేదీ ప్రకటిస్తే సంతోషించవద్దు, కంగారుపడండి. ఆ తొందరంతా చివరి నెలల్లో మా వంటివారి నెత్తిన పడుతుంది, ఫలితం వెంట్రుకల అంచుల్లో కనిపిస్తుంది.

టీజర్ వచ్చినప్పుడు మీరు గమనించవలసినవి మూడు. హనుమంతుడు ఎవరితోనైనా మాట్లాడుతున్నాడా, మౌనంగానే ఉన్నాడా చూడండి. మౌనంగా ఉంటే మరపు లేదా మారువేషం మీద కథ నడుస్తున్నట్టు. విలన్ చేతిలో ఆయుధం ఉందా లేక అతడి వెనుక జనం ఉన్నారా చూడండి. జనం ఉంటే రామకథ మీద దాడి అన్న నా ఊహకు బలం వస్తుంది. చివరగా, హనుమంతు కనిపించే షాట్లు పగటివా రాత్రివా చూడండి. అతడు రాత్రి పూట ధైర్యంగా నిలబడి కనిపిస్తే, రుధిరమణి నియమం ముగిసిపోయి అతడికి వేరే బాధ్యత అప్పగించారని నిశ్చయంగా అనుకోవచ్చు.